సిస్టమ్ 90 డిగ్రీలు కొడ్తాంది, ఇంకా ఫ్యాన్లు కొనాల్నా లేక గాలి దారి మార్చాల్నా?

ఎర్రగుంట్ల_ఎడిటర్:

అన్నలూ నమస్తే. మాది కడప జిల్లా ఎర్రగుంట్ల, ఇంట్లోనే కూర్చోని పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తాను. రెండేళ్ల కిందట సిస్టమ్ కట్టిచ్చుకున్నా, రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు, 32 జీబీ ర్యామ్, కూలర్ మాత్రం ప్రాసెసర్ బాక్సులో వచ్చిన చిన్నదే ఉండాది. కేబినెట్‌కి ముందర మొత్తం అద్దమే, అద్దం వెనక రంగుల లైట్ల ఫ్యాన్లు మూడు, వెనకాల ఒకటి.

చలికాలం ఏమీ తెలీలేదు. ఏప్రిల్ వచ్చినప్పట్నుంచి రెండరింగ్ (ఎడిట్ చేసిన వీడియోని ఫైనల్ ఫైల్ కింద తీసేది) పెట్టిన పది నిమిషాలకే ప్రాసెసర్ 90 దగ్గర నిలబడి పోతాంది, అక్కడ్నించి స్పీడు 4.4 గిగాహెర్ట్జ్ కాస్తా 3.5 కి దిగిపోతాంది, గ్రాఫిక్స్ కార్డు 84. గంటా పది నిమిషాల్లో అయ్యే వీడియో ఇప్పుడు గంటన్నర దాటుతాంది, పెళ్లోళ్లేమో రోజూ ఫోన్ చేస్తానే ఉండారు. రూమ్‌లో మధ్యాన్నం 41 ఉంటాది, ఏసీ లేదు, వాటర్ కూలర్ ఉండాది, దాన్ని సిస్టమ్‌కి ఎదురుగా పెట్టొచ్చా అనేది కూడా చెప్పండి.

ఇంకో సంగతి, మా వీధి చివర బండల పాలిష్ యూనిట్లు ఉండాయి, తెల్లపొడి ఎగిరొచ్చి అన్నిట్లో దూరుతాది, అందుకని మా అమ్మ పాత చీర ముక్క ఒకటి కేబినెట్ ముందర కట్టినా. సిస్టమ్ కంప్యూటర్ టేబుల్ కింద సీపీయూ పెట్టుకునే అరలో ఉంటాది. బడ్జెట్ నాలుగైదు వేలు, అంతకు మించి ఇప్పుడైతే కాదు. ఎక్కువ గాలి కొట్టే ఫ్యాన్లు ఏవి తీసుకోవాలో చెప్పండి, పైన ఇంకో రెండు, పక్కన ఒకటి పెట్టేకి కూడా చోటు ఉండాది.

అనంత_అసెంబ్లింగ్:

తమ్ముడూ ఫ్యాన్లు ఇంకా ఆర్డర్ పెట్టకు, ఒక్క రోజు ఆగు. నేను అనంతపురంలో పన్నెండేళ్ల నుంచి సిస్టమ్‌లు కడతాండా, ఎండాకాలం మా దగ్గరికొచ్చే వేడి కంప్లైంట్లలో సగానికి సగం నువ్వు రాసిన మాదిరే ఉంటాయి, ఫ్యాన్లు నిండా ఉంటాయి కానీ గాలికి దారి ఉండదు.

మొదట లెక్క ఒకటి చెప్తా. ఫ్యాన్ అనేది గాలిని చల్లబరచదు, జరుపుతుంది అంతే. నీ రూమ్ 41 అయితే ప్రపంచంలో ఏ ఫ్యాన్ పెట్టినా లోపల 41 కన్నా దిగదు. కాబట్టి 90 అనే నంబర్ చూసి భయపడొద్దు, 90 లోంచి 41 తీసెయ్, 49 మిగుల్తుంది, మనం తగ్గించాల్సింది ఆ 49 ని. బెంగళూరులో ఉండేవాడు నా సిస్టమ్ 70 దాటదు అంటే వాని రూమ్ 26 ఉంటుంది, వానికీ నీకూ పోలికే లేదు. ఇంకోటి, నీ 5600 కి లిమిట్ 90 డిగ్రీలే, అక్కడికి రాంగానే అదే స్పీడు తగ్గించుకుంటుంది. అంటే కాలిపోతాదని కాదు, పని నిదానమైతాంది అని అర్థం.

ఇప్పుడు గాలి లెక్క. నీ ప్రాసెసర్ ఫుల్ లోడ్‌లో 76 వాట్లు, కార్డు 170 వాట్లు, రెండూ కలిపి 250 అనుకుందాం. కేబినెట్ లోంచి నిజంగా 100 సీఎఫ్ఎం (నిమిషానికి ఎన్ని ఘనపు అడుగులు అనే కొలత) గాలి పోతాంటే లోపలి గాలి బయటి కన్నా నాలుగున్నర డిగ్రీలే ఎక్కువ ఉంటుంది. 50 సీఎఫ్ఎం అయితే 9 డిగ్రీలు. అదే 20 కి పడిపోతే 22 డిగ్రీలు. చూసినావా, 50 నుంచి 100 కి పెంచితే వచ్చే లాభం నాలుగున్నర, 20 నుంచి 50 కి పెంచితే వచ్చేది పదమూడు. నువ్వు ఇప్పుడు 20 దగ్గర ఉన్నావని నా అనుమానం, ముందర అద్దం, దాని మీద చీర గుడ్డ, చుట్టూ చెక్క అర. అంటే 41 రూమ్‌లో కూర్చొని నీ కూలర్ 60 డిగ్రీల గాలిని తాగుతాంది పాపం. ఫ్యాన్ బాక్స్ మీద వేసే సీఎఫ్ఎం ముందర ఏ అడ్డమూ లేనప్పుడు కొలిచింది, అద్దం వెనక పెట్టినాక అందులో ఎంత మిగుల్తుందో నువ్వే ఆలోచించు.

మా తాతల కాలం మిద్దెలు గుర్తు చేసుకో, తలుపు లోంచి గాలి వచ్చి పైన గవాచి లోంచి వేడి పోయేది. గవాచి మూస్తే ఇల్లు కుంపటి, తలుపు మూసి గవాచి ఒక్కటే తెరిచినా అంతే. రెండూ ఉండాలి, రెంటి మధ్య దారి ఉండాలి. కేబినెట్ కూడా అదే మిద్దె.

కాబట్టి రూపాయి ఖర్చు లేకుండా ఈరోజే చెయ్యి. సిస్టమ్‌ని ఆ అరలోంచి బయటికి లాగు, వెనక గోడకి జానెడు ఎడం ఉండేట్టు పెట్టు. చీర ముక్క తీసెయ్. అప్పుడు ఒక రెండర్ పెట్టి అరగంట చూడు, హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే టెంపరేచర్లు చూపించే సాఫ్ట్‌వేర్‌లో నంబర్లు చూసి రాసుకో, రూమ్ టెంపరేచర్ కూడా రాసుకో. తర్వాత పక్క డోర్ పూర్తిగా తీసేసి అదే రెండర్ ఇంకోసారి పెట్టు. డోర్ తీసినాక ఏడెనిమిది డిగ్రీలు తగ్గిందంటే కేబినెట్‌లో గాలి ఆడట్లేదని లెక్క. రెండు మూడే తగ్గిందంటే కేబినెట్ తప్పు లేదు, కూలర్ చాలట్లేదు లేదా ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసే పేస్ట్ ఎండిపోయింది. ఈ రెండు టెస్టులు చెయ్యకుండా డబ్బులు పెట్టొద్దు.

ఆ, మర్చిపోయినా. అగరుబత్తి వెలిగించి ఒక్కో ఫ్యాన్ దగ్గర పెట్టి చూడు, పొగ లోపలికి పోతాందా బయటికి పోతాందా అని. ఫ్యాన్‌కి రెండు ముఖాలు ఉంటాయి, రెక్కలు ఖాళీగా కనపడే వైపు నుంచి గాలి లాక్కుంటాది, మధ్యలో మోటార్‌ని పట్టుకున్న ప్లాస్టిక్ కాళ్లు ఉన్న వైపుకి కొడ్తాది. కొన్నిట్లో ఫ్రేమ్ అంచు మీద చిన్న బాణం గుర్తులు కూడా ఉంటాయి.

తుంగభద్ర_గేమర్:

కర్నూలు నుంచి. బ్రో నన్నడిగితే 240 ఎంఎం లిక్విడ్ కూలర్ (పంపుతో నీళ్లు తిప్పి చల్లబరిచేది) పెట్టేయ్, సెకండ్ హ్యాండ్‌లో చూస్తే నీ బడ్జెట్‌లో దొరుకుతుంది, ప్రాసెసర్ వేడి గురించి ఇంక మర్చిపోవచ్చు. నాకు మే నెలలో కూడా 75 దాటలేదు.

ఫ్యాన్ల విషయానికొస్తే, సౌండ్ గురించి ఎవ్వరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నా. ఒక ఫ్యాన్ స్పీడు డబుల్ చేస్తే సౌండ్ 15 డెసిబెల్ దాకా పెరుగుతుంది, అదే స్పీడులో ఇంకో ఫ్యాన్ పక్కన పెడితే 3 డెసిబెలే పెరుగుతుంది. అందుకే ఒకటి రెండు ఫ్యాన్లని 1800 ఆర్‌పీఎంలో (నిమిషానికి 1800 చుట్లు) అరిపించడం కన్నా మూడిట్ని 1000, 1100లో తిప్పుకోవడం మేలు, చోటు ఉంటే 120 ఎంఎం బదులు 140 ఎంఎం సైజు ఇంకా మేలు. రాత్రి పూట హెడ్‌ఫోన్ లేకుండా ఆడియో సింక్ చూసుకునేవాళ్లకి ఇది చాలా ముఖ్యం.

అనంత_అసెంబ్లింగ్:

గేమర్ బ్రో, సౌండ్ గురించి చెప్పింది నూటికి నూరు నిజం. లిక్విడ్ మాత్రం నేను ఒప్పుకోను, అదీ సెకండ్ హ్యాండ్ అసలే వద్దు. లోపల పంపు ఉంటాది, దాని వయసు ఎంతో నీకు తెలీదు, ఏళ్లు గడిచేకొద్దీ నీళ్లు కూడా ట్యూబుల్లోంచి కొంచెం కొంచెం తగ్గుతాయి. పెళ్లిళ్ల సీజన్ మధ్యలో పంపు ఆగిపోతే ఆ పిల్లోడి గతి ఏంది? ఎయిర్ కూలర్‌లో ఆగేది ఫ్యాన్ ఒక్కటే, అది ఆగినా ఆ పూటకి ఇంకో ఫ్యాన్ కట్టుకొని పని నడిపించొచ్చు. 76 వాట్ల చిప్‌కి నాలుగు హీట్ పైపుల (వేడిని పైన రేకుల్లోకి మోసే గొట్టాలు) టవర్ కూలర్ చాలంటే చాలు, డీప్‌కూల్ ఏకే400 లాంటిది. 155 ఎంఎం ఎత్తు ఉంటాది, కేబినెట్ వెడల్పుకి పడుతుందా లేదా స్కేలు పెట్టి కొల్చుకోవాలి ముందే.

ల్యాబ్_అక్క_ప్రొద్దుటూరు:

తమ్ముడూ, నేను ఇక్కడ ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను, 40 సిస్టమ్‌లు, అన్నీ దుమ్ములోనే బతుకుతున్నాయి. ఎర్రగుంట్ల బండల పొడి ఎట్లుంటుందో నాకు బాగా తెలుసు, మా పుట్టిల్లు అటువైపే. మామూలు ఇంటి దుమ్ము దూది మాదిరి ఉండ కడుతుంది, ఊదితే పోతుంది. ఈ పొడి అట్ల కాదు, ముగ్గుపిండి మాదిరి మెత్తగా హీట్‌సింక్ రేకుల సందుల్లోకి పోయి కూర్చుంటుంది, కాస్త తేమ తగిలిందంటే గట్టిగా పట్టేస్తుంది. అందుకే నీ వాటర్ కూలర్ ప్రశ్నకి నా జవాబు, సిస్టమ్‌కి ఎదురుగా వద్దే వద్దు. తేమ గాలి వల్ల లోపల నీళ్లు పడతాయని కాదు, పార్టులు గాలి కన్నా వేడిగా ఉంటాయి కాబట్టి చెమ్మ పట్టదు. కానీ మన బోరు నీళ్లు ఎంత ఉప్పగా ఉంటాయో చూడు, కూలర్ గడ్డిలోంచి ఎగిరే సన్న తుంపర మదర్‌బోర్డు మీద పడి ఆరితే తెల్లటి ఉప్పు మిగుల్తుంది, దాని మీద ఈ బండల పొడి చేరుతుంది. మా ల్యాబ్‌లో కూలర్ పక్కన పెట్టిన రెండు సిస్టమ్‌ల ర్యామ్ స్లాట్లు అట్లనే పాడైనాయి. కూలర్‌ని కిటికీ దగ్గర పెట్టి రూమ్ మొత్తం చల్లబడేట్టు చేసుకో, ఎదురు కిటికీ కాస్త తెరిచి పెట్టు లేకపోతే తేమ లోపలే తిరుగుతుంది. రూమ్ నాలుగు డిగ్రీలు తగ్గితే ప్రాసెసర్ కూడా దాదాపు నాలుగు తగ్గుతుంది, అది చాలా పెద్ద లాభం.

చీర గుడ్డ ఆలోచన ఎందుకొచ్చిందో అర్థమైంది, నేనూ ఒకప్పుడు చేసిందే. గుడ్డ నేత మరీ దగ్గర, గాలి ఆడదు. దోమతెర మరీ ఎడం, ఈ పొడి దాంట్లోంచి నేరుగా పోతుంది. అయస్కాంతం అంచులతో వచ్చే సన్న నైలాన్ ఫిల్టర్లు 120, 240, 360 ఎంఎం సైజుల్లో దొరుకుతాయి, అవే తీసుకో, రెండు సెట్లు తీసుకుంటే ఒకటి కడిగి ఆరేసినప్పుడు ఇంకోటి వాడుకోవచ్చు. మీ ఊర్లో అయితే వారానికొకసారి కడగాల్సిందే, కడగని ఫిల్టర్ కూడా చీర గుడ్డే. బాగా ఆరినాకే పెట్టు.

లోపలికి వచ్చే గాలి బయటికి పోయే గాలి కన్నా కొంచెం ఎక్కువ ఉండేట్టు చూసుకో, ముందర మూడు లోపలికి, వెనక ఒకటి బయటికి, సరిపోతుంది. అప్పుడు సందుల్లోంచి గాలి బయటికే పోతుంది కానీ లోపలికి రాదు, వచ్చే గాలంతా ఫిల్టర్ లోంచే వస్తుంది. పైన రెండు ఫ్యాన్లు పెట్టి బయటికి గుంజితే కథ తిరగబడుతుంది, వెనక స్లాట్ల సందుల్లోంచి, డ్రైవ్ మూతల్లోంచి పొడి లాక్కుంటుంది. పైన ముందు వైపు పెట్టిన ఫ్యాన్ ఇంకా చెడ్డది, ముందర నుంచి వచ్చిన చల్లగాలిని కూలర్ దాకా పోనీయకుండా మధ్యలోనే పీకేస్తుంది.

క్లీనింగ్ గురించి ఒక్క మాట. పంక్చర్ షాపుకి తీసుకుపోయి గాలి కొట్టించొద్దు, చాలామంది చేస్తారు. ఆ ట్యాంకులో నీళ్లు, నూనె చేరి ఉంటాయి, ప్రెషర్ కూడా ఎక్కువ. ఇంట్లో వాడే చిన్న ఎలక్ట్రిక్ బ్లోయర్ చాలు, ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకో, గాలికి ఇష్టమొచ్చినట్టు తిరగనిస్తే బేరింగ్ పోతుంది. సిస్టమ్‌ని బండల నేల మీద పెట్టకు, జానెడు ఎత్తు స్టూల్ మీద పెట్టు, పవర్ సప్లై కింద నుంచే గాలి పీల్చుకుంటుంది, ఊడ్చినప్పుడల్లా లేచే పొడంతా దానికే పోతుంది.

ఎర్రగుంట్ల_ఎడిటర్:

అన్నా, అక్కా, చెప్పినవన్నీ నిన్నా మొన్నా కూర్చోని చేసినా. నంబర్లు రాస్తాండా, రూమ్ అన్నిసార్లూ 40, 41 మధ్యే.

అరలో, చీర గుడ్డతో: ప్రాసెసర్ 90, కార్డు 84. అరలోంచి తీసి గుడ్డ విప్పినాక: ప్రాసెసర్ 90 కి పోయేకి పది నిమిషాల బదులు ఇరవై అయిదు నిమిషాలు పట్టింది, కార్డు 79. పక్క డోర్ తీసేస్తే: ప్రాసెసర్ 83, కార్డు 72. అంటే అన్న చెప్పినట్టు గాలి ఆడకపోవడమే కదా.

ఇంక అగరుబత్తి సంగతి చెప్తా. ముందర మూడు దగ్గర పొగ లోపలికే పోయింది కానీ శానా నిదానంగా, అద్దం పక్క సందులో పెడితే పొగ అక్కడక్కడే తిరుగుతా ఉండాది. వెనక ఫ్యాన్ దగ్గర పెట్టినా అన్నా, పొగ సర్రున లోపలికి పోయింది! ఇంకోసారి పెట్టి చూసినా, మళ్లా లోపలికే. కట్టిచ్చిన చోట వెనక ఫ్యాన్ తిప్పి బిగించినారు, లైట్లు లోపలి వైపు బాగా కనపడాలని అట్ల పెట్టినారో ఏమో. రెండేళ్లుగా నాలుగు ఫ్యాన్లూ లోపలికే కొడతాండాయి, వేడి గాలిని బయటికి తోసేకి ఒక్క ఫ్యాన్ లేదు. అదీగాక ఆ నాలుగూ పవర్ సప్లై వైరుకి నేరుగా పెట్టినారు, బోర్డుకి కాదు, స్పీడు మార్చేకి లేదు.

ఇప్పుడు ఏమి కొనాల, ఆ అద్దం కేబినెట్ మార్చాల్నా?

అనంత_అసెంబ్లింగ్:

భలే పట్టుకున్నావు తమ్ముడూ, చానామంది ఆ అగరుబత్తి దాకా పోరు.

కేబినెట్ మార్చొద్దు ఇప్పుడే. ముందర అద్దం ఊడదీసి పక్కన పెట్టు, చాలా మోడళ్లలో కింద చెయ్యి పెట్టి లాగితే వచ్చేస్తుంది, ఫ్యాన్లు అద్దానికి కాదు వెనక ఇనుప చట్రానికి బిగిచ్చి ఉంటాయి. ఆ చట్రం మీద అక్క చెప్పిన 360 ఫిల్టర్ వేసుకో. చూసేకి అంత అందంగా ఉండదు, పని మాత్రం ముందర జల్లెడ ఉండే మెష్ కేబినెట్ మాదిరే చేస్తుంది.

ఫ్యాన్లు నాలుగు పిన్నుల పీడబ్ల్యూఎం తీసుకో. మూడు పిన్నుల దానికి వోల్టేజ్ తగ్గించి స్పీడు తగ్గిస్తారు, మరీ తగ్గిస్తే ఆగిపోతుంది. నాలుగు పిన్నుల దానికి 12 వోల్టులు అట్లనే ఉండి నాలుగో వైరులో సిగ్నల్ పోతుంది, అందుకే నిదానంగా కూడా చక్కగా తిరుగుతుంది. ఫిల్టర్ వెనక పెడుతున్నావు కాబట్టి ఉత్త సీఎఫ్ఎం చూడొద్దు, స్టాటిక్ ప్రెషర్ చూడు, అంటే అడ్డం ఉన్నా తోసుకుని పోయే శక్తి. ఆర్కిటిక్ పీ12 ఇట్లాంటి పనికే చేసింది, 1800 ఆర్‌పీఎం, 56.3 సీఎఫ్ఎం, 2.2 ఎంఎం స్టాటిక్ ప్రెషర్. అయిదు ఫ్యాన్ల ప్యాక్ తీసుకుంటే ఒక్కోటి చవగ్గా పడుతుంది, పీఎస్‌టీ అని ఉన్నది అయితే ఒకదానికొకటి తగిలించి బోర్డులో ఒక్క పిన్నుకే పెట్టొచ్చు. బోర్డు పిన్ను మామూలుగా 1 యాంపియర్ దాకా తట్టుకుంటుంది, ఈ ఫ్యాన్లు మూడు నాలుగు కలిపినా దాటదు. ఏది కొన్నా స్లీవ్ బేరింగ్ వద్దు, మన వేడికి నూనె ఎండిపోయి రెండో ఎండాకాలానికే గరగర మొదలవుతుంది, ఫ్లూయిడ్ బేరింగ్ అని ఉండాల.

కూలర్ మార్చేటప్పుడు జాగ్రత్త, ఇది ఏఎం4 సాకెట్, పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. చల్లగా ఉన్నప్పుడు కూలర్ నిలువుగా పీకితే పేస్ట్ అతుక్కొని ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడి వస్తుంది, పిన్నులు వంకరపోతాయి. ముందు పది నిమిషాలు ఏదో ఒక రెండర్ నడిపి వేడెక్కనిచ్చి, షట్‌డౌన్ చేసి, ప్లగ్గు పీకి, స్క్రూలు విప్పి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పు, పట్టు వదిలినాకనే ఎత్తు. స్క్రూలు విప్పేటప్పుడు బోర్డు వెనక ఇనుప ప్లేటు జారి పడుతుంది, ఒక చెయ్యి దాని కింద పెట్టుకో. పేస్ట్ శనగ గింజంత చాలు.

ఎర్రగుంట్ల_ఎడిటర్:

పది రోజులాయె, అప్‌డేట్ ఇస్తాండా. పీ12 అయిదు ప్యాక్, టవర్ కూలర్, రెండు ఫిల్టర్లు తెప్పిచ్చినా, మొత్తం బడ్జెట్ మీద మూడొందలు ఎక్కువైంది అంతే. కూలర్ తీసేటప్పుడు అన్న చెప్పినట్టే వేడి చేసి తిప్పితే ప్రాసెసర్ కదల్లేదు, వెనక ప్లేటు మాత్రం నిజంగానే చేతిలో పడింది, చెయ్యి పెట్టకుంటే ఏమైతాండెనో. పాత కూలర్ రేకుల మధ్య చూస్తే అక్క చెప్పిన ముగ్గుపిండే, గోరుతో గీకితే పలక మాదిరి లేచి వచ్చింది.

ముందర మూడు లోపలికి, వెనక ఒకటి బయటికి, అగరుబత్తి పెట్టి చూసినాకే డోర్ వేసినా. ఈ మధ్యాన్నం రూమ్ 39, వాటర్ కూలర్ కిటికీలోకి మార్చినాక మధ్యాన్నాలు ఇంతే ఉంటాంది. గంట రెండర్‌లో ప్రాసెసర్ 73, కార్డు 71, స్పీడు 4.4 దగ్గరే నిలబడింది. మొదట 49 డిగ్రీల తేడా ఉండె, ఇప్పుడు 34. అదే వీడియో గంటా ఎనిమిది నిమిషాల్లో వచ్చింది. నిన్న రాత్రి రెండు పెళ్లిళ్లు ఎక్స్‌పోర్ట్ పెట్టి పడుకున్నా, పొద్దున లేచేసరికి రెండూ అయిపోయి ఉండాయి.

ఫ్యాన్ల స్పీడు మాత్రం మాటిమాటికీ పెరిగి తగ్గతాంది, ఒక్క క్లిక్ కొడితే చాలు వూ అని లేచి మళ్లా పడిపోతాంది, దీనికేం చెయ్యాల? ఇంకో ఫ్యాన్ కూడా మిగిలింది, పైన పెట్టాల్నా?

తుంగభద్ర_గేమర్:

సూపర్ బ్రో, లిక్విడ్ లేకుండానే 73 అంటే నా మాట వెనక్కి తీసుకుంటున్నా. ఈ చిప్ టెంపరేచర్ చిన్న పనికే పది డిగ్రీలు ఎగిరి దిగుతుంది, ఫ్యాన్ దాని వెంటబడి పరిగెత్తుతుంది, అదే ఆ సౌండ్. బయోస్‌లో (సిస్టమ్ ఆన్ చేసేటప్పుడు తెరిచే సెట్టింగుల మెనూ) ఫ్యాన్ సెట్టింగ్‌లో స్టెప్ అప్ టైమ్ అని ఉంటే రెండు మూడు సెకండ్లు పెట్టు, స్టెప్ డౌన్ ఇంకొంచెం ఎక్కువ పెట్టు. 60 డిగ్రీల దాకా స్పీడు 40 శాతం దగ్గర అట్లే ఉంచి, అక్కడి నుంచి మెల్లగా పెంచుకుంటూ 80 కి ఫుల్ వచ్చేట్టు గీత గీసుకో.

ల్యాబ్_అక్క_ప్రొద్దుటూరు:

మిగిలిన ఫ్యాన్ పైన పెట్టకు తమ్ముడూ, పైన ఉన్న రంధ్రాలకి కూడా ఫిల్టర్ ముక్క వేసెయ్, ఆపినప్పుడు పొడి పడకుండా ఉంటుంది. ఆ ఫ్యాన్ బాక్సులోనే పెట్టి దాచుకో, సీజన్ మధ్యలో ఏదన్నా ఆగిపోతే ఆ రాత్రికే మార్చుకోవచ్చు. మొదటి ఫిల్టర్ కడిగినావా?

ఎర్రగుంట్ల_ఎడిటర్:

ఈ పొద్దే కడిగినా అక్కా, బకెట్‌లో నీళ్లు పాల మాదిరి అయినాయి. ఇప్పుడు రెండోది పెట్టినా.